ఆర్జన వ్యాపారంలో, వ్యయం ప్రజాసేవలో: దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు

స్వయంకృషితో సంపాదించిన ధనాన్ని భాషాభివృద్ధికి, పత్రికా రంగానికి, గ్రంథ ప్రచురణకు, జాతీయోద్యమానికి, ఆంధ్రోద్యమానికి వెచ్చించి, తెలుగు ప్రజల చేత దేశోద్ధారకుడని, విశ్వదాత అని పిలిపించుకున్న మహనీయుడు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు. అమృతాంజనం తయారీదారుగా దేశమంతటా పేరు పొందిన ఆయన ఆంధ్రపత్రిక, భారతి, ఆంధ్ర గ్రంథమాల సంస్థలకు స్థాపకుడు. రాష్ట్ర కాంగ్రెస్ సంఘానికి అధ్యక్షుడు. కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య కుదిరిన చారిత్రాత్మకమైన శ్రీబాగ్ ఒడంబడికకు ఆయన గృహమే వేదిక అయింది. 1867 నుంచి 1938 వరకు సాగిన ఆయన జీవితం, వ్యాపారం ప్రజాసేవకు ఎంతగా ఉపకరించగలదో తెలిపే ఉజ్జ్వల ఉదాహరణ.

బాల్యం, విద్యాభ్యాసం

నాగేశ్వరరావు పంతులు 1867 మే 1వ తేదీన కృష్ణా జిల్లాలో బుచ్చయ్య, శ్యామలాంబ దంపతులకు జన్మించారు. ప్రాథమిక విద్యను స్వస్థలంలోను, తదుపరి విద్యను మచిలీపట్నంలోను అభ్యసించారు. అనంతరం మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరి 1891లో పట్టభద్రులయ్యారు. విద్యార్థి దశలోనే కందుకూరి వీరేశలింగం పంతులు రచనలు, ముఖ్యంగా వివేకవర్ధని పత్రికలోని వ్యాసాలు ఆయనను ఎంతగానో ప్రభావితం చేశాయి. పత్రిక అనేది సంఘంలోని ఆలోచనను మార్చగల సాధనమన్న విషయం ఆనాడే ఆయన మనస్సులో నాటుకుంది. ఆ బీజం వృక్షంగా ఎదగడానికి మరి రెండు దశాబ్దాల కాలం పట్టింది.

ఆ రోజులలో పట్టభద్రులైన యువకులకు ప్రభుత్వోద్యోగం దుర్లభం కాదు. న్యాయవాద వృత్తి కూడా గౌరవంతో పాటు ధనాన్ని సమకూర్చేది. తెలుగు జిల్లాలలోని విద్యావంతులలో అధికులు ఈ రెండు మార్గాలలో ఒకదానిని ఎంచుకునేవారు. నాగేశ్వరరావు పంతులు మాత్రం స్వతంత్రంగా జీవించాలన్న సంకల్పంతో వ్యాపారం వైపు మొగ్గు చూపారు. కుటుంబం నుంచి సంక్రమించిన వ్యాపారం గాని, అండగా నిలిచే వర్తక బంధువర్గం గాని లేని యువకునికి అది సాహసోపేతమైన నిర్ణయమే.

అమృతాంజనం ఆవిర్భావం

మద్రాసులో కొద్దికాలం వ్యాపారానుభవం గడించిన పిమ్మట పంతులు కలకత్తా వెళ్లి మందుల వ్యాపారంలో పని చేశారు. ఔషధాల తయారీ, నిల్వ, అమ్మకాలకు సంబంధించిన మెలకువలను అక్కడ నేర్చుకున్నారు. తదుపరి బొంబాయి చేరి ఒక వాణిజ్య కార్యాలయంలో ఉద్యోగిగా కొంతకాలం గడిపారు. ఉద్యోగం ఆయనకు గమ్యం కాదు. సొంతంగా ఒక వస్తువును తయారు చేసి, దానిని తన కృషితో జనంలోకి తీసుకువెళ్లాలన్నదే ఆయన అభిలాష. ఆ అభిలాష ఫలితమే 1893లో బొంబాయిలో రూపుదిద్దుకున్న అమృతాంజనం.

తలనొప్పికి, జలుబుకు, ఒళ్లునొప్పులకు పైపూతగా వాడే ఈ పసుపుపచ్చని లేపనంలో కర్పూరం, పుదీనా పువ్వు, నీలగిరి తైలం వంటి సుపరిచితమైన ద్రవ్యాలు ఉంటాయి. వైద్యుని వద్దకు వెళ్లలేని సామాన్యునికి సైతం అందుబాటులో ఉండే చిన్న సీసాలో ఔషధాన్ని అందించడం పంతులు ముందుచూపునకు నిదర్శనం. ఆ కాలంలో మన మార్కెట్లలో విదేశీ ఔషధాలదే పెత్తనం. కొత్త స్వదేశీ సరుకును ఎవరూ వెంటనే నమ్మేవారు కాదు. సంగీత సభలు జరిగే చోట శ్రోతలకు లేపనాన్ని ఉచితంగా పంచి, దాని గుణాన్ని వారే స్వయంగా తెలుసుకునేటట్లు చేసిన ఘనత ఆయనది. ప్రకటనల ప్రాధాన్యాన్ని గుర్తించిన తొలితరం భారతీయ వ్యాపారులలో ఆయన ఒకరు. క్రమంగా అమృతాంజనం దేశంలోని నలుమూలలకు వ్యాపించింది. తెలుగునాట ఊరూరా ఇంటి గూటిలో తప్పనిసరిగా ఉండే వస్తువైంది. తల మీద మూటతో సంతకు నడిచేవారు, మిల్లులలో బరువులు మోసేవారు, పొలంలో రోజంతా నడుము వంచి శ్రమించేవారు ఆ చిన్న సీసాకు అసలైన ఆదరువు.

అమృతాంజనం పంతులును ధనవంతుని చేసింది. ఆ ధనాన్ని ఆయన ఏ విధంగా వినియోగించారన్నదే ఆయన జీవితానికి చరిత్రలో స్థానం కల్పించింది.

బొంబాయిలో వెలసిన తెలుగు పత్రిక

1905లో జరిగిన బెంగాల్ విభజనతో దేశంలో స్వదేశీ ఉద్యమం ప్రజ్వరిల్లింది. 1907లో సూరత్‌లో జరిగిన కాంగ్రెస్ మహాసభకు పంతులు హాజరయ్యారు. మితవాదులు, అతివాదులు రెండు వర్గాలుగా చీలిపోయిన సభ అది. దేశంలో ఇంతటి పరిణామాలు సంభవిస్తూ ఉండగా తెలుగు ప్రజలకు వాటిని వారి భాషలో తెలియజేసే బలమైన పత్రిక లేని లోటును ఆయన గుర్తించారు. మహారాష్ట్ర ప్రాంతంలో బాలగంగాధర తిలక్ కేసరి పత్రిక ద్వారా సాధిస్తున్న చైతన్యం ఆయన కళ్లెదుట ఉంది.

ఆ మరుసటి ఏడు, 1908లో, బొంబాయి నుంచే ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించారు. ఆ సంవత్సరమే జూలైలో తిలక్‌కు రాజద్రోహ నేరంపై శిక్ష పడగా బొంబాయి మిల్లు కార్మికులు సమ్మె చేశారు. ఆ సంవత్సరమే తెలుగునాట స్వరాజ్య పత్రికలో రాసిన వ్యాసానికి గాడిచర్ల హరిసర్వోత్తమరావు కారాగారం పాలయ్యారు. పత్రిక నడపడం లాభసాటి పని కాకపోగా ప్రమాదకరమైన పనిగా ఉన్న రోజులవి. నిలదొక్కుకున్న ఔషధ వ్యాపారం చేతిలో ఉండగా ప్రభుత్వ ఆగ్రహానికి గురి కాగల పనికి పూనుకోవడంలో పంతులు దేశభక్తి వెల్లడవుతుంది. కారాగారం నుంచి విడుదలైన తదుపరి కాలంలో హరిసర్వోత్తమరావు ఆంధ్రపత్రికలోనే సంపాదక బాధ్యతలు నిర్వహించడం గమనార్హం.

తెలుగు జిల్లాలకు వందల మైళ్ల దూరంలో, తెలుగు అక్షరాలు కూర్చగలవారు అరుదైన నగరంలో ఒక తెలుగు వారపత్రికను వెలువరించడం సామాన్యమైన విషయం కాదు. అయినప్పటికీ పత్రిక వారం వారం వెలువడింది. ఏటా ఉగాదికి వెలువడే సంవత్సరాది సంచికలు సాహిత్యం, చరిత్ర, శాస్త్ర విషయాల మేలుకలయికగా పాఠకుల మన్ననలు పొందాయి. ఆ సంచికలను ఏళ్ల తరబడి భద్రపరచుకున్న కుటుంబాలు తెలుగునాట అనేకం.

మద్రాసుకు తరలింపు, దినపత్రిక

తెలుగు ప్రజలకు మరింత చేరువ కావాలన్న ఉద్దేశంతో పంతులు తన కార్యక్షేత్రాన్ని మద్రాసుకు మార్చారు. 1914 ఏప్రిల్ 1వ తేదీ నుంచి ఆంధ్రపత్రిక దినపత్రికగా వెలువడసాగింది. అదే సంవత్సరం మొదటి ప్రపంచ యుద్ధం ఆరంభమైంది. ఏ రోజు వార్త ఆ రోజు తెలుసుకోవాలన్న ఆతురత జనంలో పెరిగిన సమయంలో తెలుగులో దినపత్రిక లభించడం గొప్ప వరమైంది.

ఆనాటి తెలుగు జిల్లాలు మద్రాసు రాజధానిలో అంతర్భాగాలు. దక్షిణాన నెల్లూరు, చిత్తూరు మొదలు ఉత్తరాన గంజాం వరకు అవి విస్తరించి ఉండేవి. నేడు విజయనగరం జిల్లాలో ఉన్న నెల్లిమర్ల ఆనాడు విశాఖపట్నం జిల్లాలో ఉండేది. శ్రీకాకుళం గంజాం జిల్లాకు చెందినది. పరిపాలనా కేంద్రమైన మద్రాసు ఈ ప్రాంతాలకు ఎంతో దూరం. ప్రభుత్వ నిర్ణయాలన్నీ అక్కడ జరిగేవి. వాటి ఫలితాలను అనుభవించేవారు ఇక్కడ ఉండేవారు. మద్రాసు నుంచి హౌరా వైపు సాగే రైలు మార్గం వెంట, విజయనగరం, నెల్లిమర్ల, చీపురుపల్లి వంటి స్టేషన్ల గుండా, ఉత్తర కోస్తా ప్రజలకు రాజధానితో సంబంధం ఏర్పడింది. మద్రాసులో అచ్చయ్యే తెలుగు దినపత్రిక ఆ దూరాన్ని తగ్గించడంలో ప్రముఖ పాత్ర వహించింది. చదువు వచ్చిన ఒకరు రచ్చబండ వద్ద బిగ్గరగా చదువుతూ ఉంటే పదిమంది చుట్టూ చేరి వినడం ఆనాటి గ్రామాలలో పత్రికా పఠనం జరిగే విధానం. అందువల్ల అమ్ముడైన ప్రతుల సంఖ్యతో ఆంధ్రపత్రిక ప్రభావాన్ని లెక్కించడం సాధ్యం కాదు.

దినపత్రిక నిర్వహణకు అయ్యే వ్యయం అపారం. తంతి వార్తలకు, కాగితానికి, అచ్చు యంత్రాలకు, సిబ్బంది జీతాలకు ప్రతి నిత్యం ధనం అవసరం. చందాలు, ప్రకటనల ద్వారా వచ్చే ఆదాయం అందుకు చాలనప్పుడు అమృతాంజనం లాభాలే పత్రికను నిలబెట్టాయి. ఒక చేతితో వ్యాపారం చేసి, మరొక చేతితో పత్రికను పోషించారు పంతులు. పత్రికను వ్యాపార ప్రయోజనాలకు సాధనంగా వాడుకోకుండా, వ్యాపారాన్నే పత్రికకు సాధనంగా మార్చడం ఆయన విశిష్టత.

భారతి, సాహిత్య సేవ

1924 జనవరిలో పంతులు భారతి మాసపత్రికను ప్రారంభించారు. సాహిత్యం, చరిత్ర, శాసన పరిశోధన, కళలు, విజ్ఞాన శాస్త్రాలకు సంబంధించిన రచనలకు భారతి ఆటపట్టు అయింది. ప్రాచీన కావ్యాల పాఠ నిర్ణయంపై పండితుల చర్చలు ఒకవైపు, నవ్య కవుల ఖండకావ్యాలు, నవీన కథకుల కథానికలు మరొకవైపు అందులో స్థానం పొందాయి. ఒక రచన భారతిలో అచ్చు కావడం రచయితకు గుర్తింపు లభించినట్లుగా భావించే స్థాయికి ఆ పత్రిక ఎదిగింది.

ఆ కాలం తెలుగునాట భాషా వివాదం తీవ్రంగా ఉన్న కాలం. విజయనగరంలో గురజాడ అప్పారావు, పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులు వాడుక భాషకు పట్టం కట్టాలని ఉద్యమించారు. ఉత్తర కోస్తా ఆ ఉద్యమానికి పుట్టినిల్లు. ఆంధ్రపత్రిక మాత్రం దీర్ఘకాలం సరళ గ్రాంథికంలోనే వెలువడింది. పంతులు స్వయంగా సంప్రదాయ భాషను అభిమానించేవారు. పత్రికలు జనసామాన్యానికి చేరాలన్న ఆశయానికి, వాటి భాషకు మధ్య కొంత ఎడం ఉన్న మాట వాస్తవం. కాలక్రమంలో తెలుగు పత్రికా రంగమంతా గిడుగు చూపిన మార్గంలోనే నడిచింది. అయితే చదివే అలవాటును లక్షలాది ప్రజలకు నేర్పిన తొలి దశలో ఆంధ్రపత్రిక వహించిన పాత్రను ఇది ఏ మాత్రం తగ్గించదు.

పంతులు స్వయంగా రచయిత. ఆంధ్ర వాఙ్మయ చరిత్రపై గ్రంథాన్ని రచించారు. జాతీయోద్యమ సందర్భంగా కారాగారవాసం అనుభవించిన కాలంలో భగవద్గీతకు వ్యాఖ్యానం సిద్ధం చేశారు. బాహ్య ప్రపంచంతో సంబంధం తెగిపోయిన రోజులను సైతం ఆయన రచనకు వినియోగించారు.

ఆంధ్ర గ్రంథమాల, విజ్ఞాన సర్వస్వం

ఉత్తమ గ్రంథాలను శుద్ధమైన పాఠంతో, అందరికీ అందుబాటులో ఉండే వెలకు అందించాలన్న సంకల్పంతో 1926లో ఆంధ్ర గ్రంథమాలను నెలకొల్పారు. వీరశైవ వాఙ్మయంలో మకుటాయమానమైన పాల్కురికి సోమనాథుని బసవపురాణం వేటూరి ప్రభాకరశాస్త్రి పరిష్కరణతో ఈ సంస్థ ద్వారానే వెలుగు చూసింది. తాళపత్రాలలో మగ్గిపోతున్న కావ్యాలు, మరుగున పడిన చరిత్రలు అచ్చులోకి రావడం వలన తెలుగు సాహిత్య చరిత్ర రచనకు నూతన ఆధారాలు లభించాయి. ఇటువంటి గ్రంథాలకు కొనుగోలుదారులు తక్కువగా ఉంటారని, పెట్టుబడి తిరిగి రావడానికి సంవత్సరాలు పడుతుందని వ్యాపారవేత్తగా ఆయన ఎరుగనిది కాదు. అయినా ఈ కార్యాన్ని లాభనష్టాల తూకంతో చూడలేదు.

కొమర్రాజు వేంకట లక్ష్మణరావు ఆరంభించిన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం తెలుగు జాతి తలపెట్టిన మహత్తర కార్యాలలో ఒకటి. మూడు సంపుటాల ప్రచురణ తరువాత 1923లో లక్ష్మణరావు అకాల మరణం చెందడంతో ఆ కృషి ఆగిపోయింది. ఆ బృహత్కార్యాన్ని పంతులు తన భుజస్కంధాలపై వేసుకున్నారు. పండితులను సమీకరించి, అవసరమైన ధనాన్ని సమకూర్చి, 1930వ దశకంలో సంపుటాలను పునఃప్రచురించే ఏర్పాటు చేశారు. మరొకరు ప్రారంభించిన పనిని కొనసాగించడంలో కీర్తి కన్నా భారమే అధికం. ఆ భారాన్ని స్వచ్ఛందంగా స్వీకరించడం ఆయన ఔదార్యానికి తార్కాణం.

గ్రంథాలయోద్యమానికి సైతం పంతులు పెన్నిధిగా నిలిచారు. 1914లో విజయవాడ కేంద్రంగా ఆంధ్రదేశ గ్రంథ భాండాగార సంఘం ఏర్పడిన నాటి నుంచి అయ్యంకి వెంకటరమణయ్య ప్రభృతులు గ్రామ గ్రామాన గ్రంథాలయాల స్థాపనకు కృషి చేశారు. గ్రంథాలయ భవనం ఎంత అవసరమో అందులో చదవదగిన పుస్తకం ఉండడం అంతకన్నా అవసరం. ఆ రెండవ అవసరాన్ని తీర్చిన వారిలో ఆంధ్ర గ్రంథమాల, భారతి, ఆంధ్రపత్రికల స్థాపకుడు అగ్రగణ్యుడు.

జాతీయోద్యమంలో

మహాత్మా గాంధీ నాయకత్వంలో జాతీయోద్యమం ప్రజా ఉద్యమంగా మారిన నాటి నుంచి పంతులు అందులో క్రియాశీల పాత్ర వహించారు. ఖద్దరు ప్రచారానికి ఉదారంగా తోడ్పడ్డారు. 1924 నుంచి 1934 వరకు గల దశాబ్ద కాలంలో పలు పర్యాయాలు ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెస్ సంఘానికి అధ్యక్షులుగా వ్యవహరించారు. 1930లో ఆరంభమైన ఉప్పు సత్యాగ్రహ ఉద్యమంలో పాల్గొని, అరవై ఏళ్లు పైబడిన వయస్సులో కారాగార శిక్షను అనుభవించారు. సకల సౌకర్యాలతో కూడిన గృహం, విస్తరించిన వ్యాపారం ఉన్న వ్యక్తి ఆ వయస్సులో జైలు జీవితాన్ని ఎంచుకోవడం అనేకమందికి స్ఫూర్తినిచ్చింది. ఉద్యమ వార్తలను ప్రచురించినందుకు ఆంగ్ల ప్రభుత్వం పత్రికలపై ఆంక్షలు విధించిన రోజులలో ఆంధ్రపత్రిక తన స్వరాన్ని విడనాడలేదు.

ఆయన వద్దకు సహాయం కోరి వచ్చేవారిలో విద్యార్థులు, కవులు, పండితులు, దేశసేవకులు, సంస్థల నిర్వాహకులు ఉండేవారు. పాఠశాలలకు, గ్రంథాలయాలకు, ప్రచురణలకు ఆయన ఇచ్చిన విరాళాలు లెక్కకు మిక్కిలి. కులం, ప్రాంతం చూడకుండా అవసరం చూసి ఇవ్వడం ఆయన పద్ధతి. విశ్వదాత అన్న బిరుదం ఆ విధంగా సార్థకమైంది. దానంతో పాటు సంస్థలను నిర్మించడం ఆయన ఔదార్యంలోని మరొక ముఖ్యాంశం. ఒక్క పూట ఆకలి తీర్చే దానం గొప్పదే. తరతరాల విజ్ఞాన దాహాన్ని తీర్చే సంస్థను నెలకొల్పడం అంతకన్నా కష్టం. పంతులు ఈ రెండింటినీ నిర్వహించారు.

శ్రీబాగ్ ఒడంబడిక

ఆంధ్రులకు ప్రత్యేక రాష్ట్రం కావాలన్న ఆకాంక్ష 1913లో బాపట్లలో జరిగిన ప్రథమ ఆంధ్ర మహాసభతో రూపుదాల్చింది. ఆంధ్రపత్రిక ఆ ఆకాంక్షకు వాణిగా నిలిచింది. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడింది. గంజాం జిల్లా విభజనకు గురై, శ్రీకాకుళం ప్రాంతం విశాఖపట్నం జిల్లాలో చేరగా పర్లాకిమిడి పట్టణం ఒరిస్సాకు వెళ్లింది. ఆంధ్ర రాష్ట్రం మాత్రం ఏర్పడలేదు. ఉత్తర సరిహద్దులోని తెలుగువారికి ఈ పరిణామం తీవ్రమైన ఆవేదన కలిగించింది.

ఇదే సమయంలో మరొక చిక్కు ఎదురైంది. కోస్తా జిల్లాలతో పోలిస్తే విద్య, నీటిపారుదల రంగాలలో వెనుకబడి ఉన్న రాయలసీమ ప్రజలు, కొత్త రాష్ట్రంలో తమ ప్రయోజనాలకు రక్షణ ఏమిటని ప్రశ్నించారు. ఆంధ్ర విశ్వవిద్యాలయ కేంద్రం విశాఖపట్నంలో స్థిరపడడం ఆ సందేహాన్ని మరింత పెంచింది. సోదరుల మధ్య అపనమ్మకం తొలగకుండా రాష్ట్ర సాధన అసంభవమని నాయకులు గ్రహించారు. 1937లో విజయవాడలో జరిగిన ఆంధ్ర మహాసభ రజతోత్సవాల అనంతరం ఇరుప్రాంతాల నాయకులు చర్చలకు సంసిద్ధులయ్యారు. ఆ చర్చలకు వేదిక మద్రాసులోని పంతులు గృహం శ్రీబాగ్.

1937 నవంబరు 16వ తేదీన అక్కడ కుదిరిన అంగీకారమే శ్రీబాగ్ ఒడంబడిక. కడప కోటిరెడ్డి, కల్లూరి సుబ్బారావు, పప్పూరి రామాచార్యులు, భోగరాజు పట్టాభి సీతారామయ్య, కొండా వెంకటప్పయ్య ప్రభృతులు దానిపై సంతకాలు చేశారు. వాల్తేరుతో పాటు అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం ఏర్పాటు, తుంగభద్ర, కృష్ణ, పెన్నా నదీ జలాల వినియోగంలో రాయలసీమకు ప్రాధాన్యం, శాసనసభ స్థానాలలో న్యాయమైన వాటా, రాజధాని, హైకోర్టులలో ఒకటి కోస్తాలో, మరొకటి రాయలసీమలో ఉండేటట్లుగాను, ఏది కావాలో ఎంచుకునే అవకాశం రాయలసీమకే ఉండేటట్లుగాను అందులో అంగీకరించారు.

అప్పటికి పంతులు వయస్సు ఏడు పదులు. ఇరుప్రాంతాల వారికీ సమానంగా ఆప్తుడు కావడం, స్వలాభాపేక్ష లేనివాడన్న విశ్వాసం అందరిలో ఉండడం చేతనే ఆయన ఇల్లు రాజీకి తగిన చోటుగా తోచింది. దశాబ్దాలుగా ఇస్తూ వచ్చిన చేతికి లభించిన గౌరవం అది. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్రం అవతరించినప్పుడు కర్నూలు రాజధాని కావడానికి, హైకోర్టు గుంటూరులో ఏర్పడడానికి ఈ ఒడంబడికే ప్రాతిపదిక. నీటి కేటాయింపులు, సంస్థల ఏర్పాటు గురించి వాదోపవాదాలు జరిగిన ప్రతి సందర్భంలోను తదుపరి తరాలు శ్రీబాగ్ ఒడంబడికను స్మరిస్తూనే ఉన్నాయి. వెనుకబడిన ప్రాంతానికి న్యాయం జరగనిదే ఐక్యత నిలవదన్న ఆ ఒప్పందంలోని సూత్రం రాయలసీమకు ఎంత వర్తిస్తుందో ఉత్తరాంధ్రకూ అంతే వర్తిస్తుంది.

గౌరవాలు, అస్తమయం

పంతులు సాహిత్య సేవకు గుర్తింపుగా ఆంధ్ర విశ్వవిద్యాలయం 1935లో ఆయనను కళాప్రపూర్ణ బిరుదుతో సత్కరించింది. 1926లో స్థాపితమై, విశాఖ సాగర తీరాన ఉత్తర కోస్తా యువతకు ఉన్నత విద్యను చేరువ చేసిన ఆ విద్యాసంస్థ, తెలుగు భాషకు జీవితాన్ని అంకితం చేసిన వర్తకుని గౌరవించడం ముదావహం. దేశోద్ధారక బిరుదం మాత్రం ఏ ప్రభుత్వమూ ఇచ్చినది కాదు. ప్రజలే ఆ పేరుతో పిలిచారు.

1938 ఏప్రిల్ 11వ తేదీన పంతులు మద్రాసులో కీర్తిశేషులయ్యారు. శ్రీబాగ్ ఒడంబడిక కుదిరి అప్పటికి అయిదు నెలలైనా నిండలేదు. ఆయన కోరుకున్న ఆంధ్ర రాష్ట్రాన్ని గాని, స్వతంత్ర భారతాన్ని గాని చూసే భాగ్యం ఆయనకు కలుగలేదు. అనంతరం ఆయన అల్లుడు శివలెంక శంభుప్రసాద్ 1972లో మరణించే వరకు పత్రికల బాధ్యతలను, వ్యాపార బాధ్యతలను సమర్థంగా నిర్వహించారు.

చిరస్మరణీయ వారసత్వం

కాలగమనంలో పంతులు స్థాపించిన సంస్థలు భిన్న మార్గాలలో నడిచాయి. ఆంధ్రపత్రిక, భారతి తెలుగువారికి దశాబ్దాల తరబడి సేవలందించి 1990వ దశకం ఆరంభంలో నిలిచిపోయాయి. అమృతాంజనం మాత్రం నేటికీ ఇంటింటా వినియోగంలో ఉంది. పోషించబడిన పత్రికలు ఆగిపోగా పోషించిన వ్యాపారం నిలిచి ఉండడం విచిత్రంగా తోచవచ్చు. ప్రజాహిత సంస్థను ఒక వ్యక్తి ఔదార్యం ఎంతకాలమైనా నడపగలదు గాని, అది శాశ్వతంగా నిలవాలంటే సమాజమే దానిని తనదిగా భావించి ఆదుకోవాలన్న పాఠాన్ని ఈ పరిణామం బోధిస్తుంది. పంతులు తన వంతు బాధ్యతను సంపూర్ణంగా నెరవేర్చారు. మిగిలిన బాధ్యత ఆయన సేవలను అందుకున్నవారిది.

అయినప్పటికీ ఆయన కృషి ఫలాలు అంతరించలేదు. ఆంధ్రపత్రిక, భారతి పాత సంచికలను ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ సాంకేతిక పరిజ్ఞానంతో భద్రపరచి పాఠకులకు అందుబాటులోకి తెచ్చింది. ఇరవయ్యవ శతాబ్ది తెలుగు సమాజాన్ని గురించి పరిశోధించేవారికి ఆ పుటలు తరగని గని. చెన్నై మైలాపూరు ప్రాంతంలోని నాగేశ్వరరావు పార్కు ఆయన పేరును తమిళనాట సైతం నిలుపుతూ ఉంది.

నెల్లిమర్ల వంటి పారిశ్రామిక కేంద్రాలలోను, విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల వర్తక కూడళ్లలోను చిన్న పెట్టుబడితో, పెద్ద శ్రమతో జీవితాన్ని నిర్మించుకుంటున్న వ్యాపారులు ఎందరో ఉన్నారు. పొట్ట చేతపట్టుకొని దూర నగరాలకు వలస వెళ్లి, అక్కడ స్థిరపడి, సొంత ఊరి బడికో గ్రంథాలయానికో చేయూతనివ్వాలని తలచే యువకులు కూడా ఈ ప్రాంతాలలో తక్కువేమీ కాదు. పంతులు సైతం పట్టా పుచ్చుకొని ఉపాధి కోసం కలకత్తా, బొంబాయి వెళ్లిన వలస యువకుడే. సొంతగడ్డకు దూరంగా ఉన్నా సొంత భాషకు దూరం కాలేదు. సంపాదించడానికి ఎంత శ్రద్ధ చూపారో సద్వినియోగం చేయడానికీ అంతే శ్రద్ధ చూపారు. తాను ఇచ్చిన ధనం ఒక అక్షరంగా, ఒక పుస్తకంగా, ఒక ఒప్పందంగా మారి ప్రజల మధ్య నిలిచేటట్లు చూసుకున్నారు. శ్రమించి ఆర్జించడం, ఆర్జించిన దానిని సమాజంతో పంచుకోవడం అన్న ఆయన జీవన సూత్రాన్ని ఆచరణలో పెట్టడమే ఆ దేశోద్ధారకునికి తెలుగు జాతి అర్పించగల నిజమైన నివాళి.